జరగని ఆపరేషన్

"ఇంకా ఎవరూ తినకుండానే కంచం పెట్టేసుకున్నావా?" అంది అత్తయ్య.

పెట్టేసుకున్నాను. కంచంలో అన్నం ఉంది, కూర ఉంది, మొదటి ముద్ద నా చేతిలో ఉంది. రెండేళ్ళుగా రోజూ ఇలాగే తింటున్నా, అత్తయ్య రోజూ అప్పుడే మొదటిసారి చూసినట్టు ఆశ్చర్యపోతుంది. మొదట్లో ఆ మాటకి ముద్ద గొంతులో అడ్డం పడేది. ఇప్పుడు నమిలి మింగి, "ఆకలేసింది అత్తయ్యా" అంటాను. ఆ మాట నా నోటి నుంచి వినడం ఆవిడకి ఇంకా అలవాటు కాలేదు. ఆ మాటకొస్తే నాకూ కొత్తే. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఈ రెండేళ్ళ ముందుదాకా "ఆకలేస్తోంది" అని నేను ఎప్పుడైనా అన్నానా అని గుర్తు చేసుకుంటే ఒక్కసారీ గుర్తు రాలేదు. "వడ్డించనా?" అన్నది మాత్రం ఎన్ని వేలసార్లు అన్నానో.

"నెలల తరబడి అక్కడ ఉంచి నీకు నేర్పింది ఇదా? అందరికంటే ముందు తినడమా?" అన్నారు మా ఆయన ఒకసారి. వెటకారంగానే అన్నారు గానీ, చెప్పింది మాత్రం నిజం. అక్కడ నాకు నేర్పింది ఇదే.

అక్కడ అంటే మాత్రలు మాన్పించే చోటు. నాది నొప్పి మాత్రల వ్యసనం. మీ ముందు ఎంత తేలిగ్గా అనేశానో చూడండి, మా ఇంట్లో మాత్రం ఈ మాటకి చోటు లేదు. మా ఇంట్లో దాని పేరు ఆపరేషన్. నేను ఇంట్లో లేని ఆ నెలల్లో చుట్టాలకి ఏం చెప్పాలో తోచక, ఆయనా అత్తయ్యా కలిసి నాకు వెన్నుపూస ఆపరేషన్ చేయించేశారు. మొదట్లో అది చిన్న ఆపరేషనే. తర్వాత్తర్వాత పెరగడం మొదలుపెట్టింది. పోయినేడు ఫోనులో అత్తయ్య ఎవరికో చెబుతుంటే విన్నాను, కత్తి పెట్టగానే నా గుండె ఆగిపోయి, డాక్టర్లందరూ చేతులెత్తేశాక మళ్ళీ దానంతటదే కొట్టుకుందట. వింటుంటే నాకే కళ్ళు చెమర్చాయి. ఆయన పిన్ని ఒకావిడ కుట్లు చూపించమని నన్ను పక్కగదిలోకి లాక్కెళ్ళింది. "మచ్చ పడకుండా కుట్టారు పిన్నీ" అన్నాను. "ఎంత చెయ్యి తిరిగిన డాక్టరే! పేరు చెప్పు, మా ఆయన నడుం కూడా అక్కడే చూపిద్దాం" అంది. ఆ డాక్టరు దేశం వదిలి వెళ్ళిపోయాడని చెప్పి మా ఆయన ఎలాగో గండం గట్టెక్కించారు.

ఇంతకీ అసలు సంగతి ఎక్కడ మొదలైందో చెప్పాలి. బట్టల షోరూంలో దుప్పట్ల విభాగం నాది. కొనడానికి వచ్చినవాళ్ళు ఒక్క దుప్పటి కోసం కనబడ్డవన్నీ విప్పించి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోతారు. విప్పినవన్నీ అంచుకి అంచు కలిపి మళ్ళీ మడత పెట్టాలి. షట్టరు లేచిన దగ్గర్నుంచి దించేదాకా నిలబడే ఉండాలి. "కస్టమరు మెట్లెక్కి వచ్చేసరికి మీరు కూర్చుని కనబడితే షాపు కళ పోతుంది" అనేవాడు సూపర్‌వైజరు. ఇంటికొస్తే వంటింటి గట్టు ముందు మళ్ళీ నిలబడాలి. నడుం పీకేస్తోంది సార్ అంటే ఆ సూపర్‌వైజరు తన సొరుగులోంచి తనే ఒక మాత్ర తీసిచ్చాడు. "మాత్ర వేసుకుని పడుకో, పొద్దున్నే మళ్ళీ నాకు క్యారేజీ కట్టాలి కదా" అన్నారు మా ఆయన. "మాత్ర వేసుకుని ఆ నాలుగు గిన్నెలూ కడిగెయ్యి, అదే తగ్గిపోతుంది" అంది అత్తయ్య. ఎవరూ విషం పెడుతున్నామనుకుని అనలేదు, నా బాగు కోరే అన్నారు. కాకపోతే అంతమందిలో ఒక్కరికీ "కాసేపు కూర్చో" అనాలని తట్టలేదు. అంతకన్నా చోద్యం ఏమిటంటే, నాకూ తట్టలేదు. మాత్ర పడగానే నడుంతో పాటు మనసు కూడా మెత్తబడేది. ఎవరేమన్నా తగిలేది కాదు. ఒకటి రెండయింది, రెండు ఎన్నో అయ్యాయి. మా వీధిలో మందుల షాపువాడు అదోలా చూడటం మొదలుపెట్టాక పక్కవీధికి, ఆ తర్వాత ఇంకో పేటకి వెళ్ళి కొనుక్కునేదాన్ని. చివరికి ఒకరోజు షాపులో దుప్పట్ల దొంతర మీద వాలిపోయి, ఎవరెంత పిలిచినా లేవలేదు.

మాత్రలు మాన్పించే ఆ చోట కౌన్సెలరు ఒక పెద్దావిడ. "మానడం ఇక్కడ మేం చూసుకుంటాం. మానేసి మీ ఇంట్లో మీరు బతకాలి చూడండి, పాఠమంతా దాని గురించే" అనేది. మనసు మాత్ర వైపు లాగినప్పుడల్లా నాలుగు ప్రశ్నలు వేసుకోమంది. ఆకలిగా ఉందా, కోపంగా ఉందా, ఒంటరిగా ఉందా, అలసిపోయానా. ఆకలేస్తే వేళకి తినండి, అలసిపోతే పడుకోండి, కోపమొస్తే వచ్చిందని చెప్పండి అని ఆవిడ వివరిస్తుంటే, ఆ వరసలో కూర్చున్న మగవాళ్ళు ఇదీ ఒక పాఠమేనా అన్నట్టు దిక్కులు చూశారు. ఆడవాళ్ళం మాత్రం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆకలేస్తే తినాలట! అలసిపోతే పడుకోవాలట! మాత్రలు మానడమే నయమనిపించింది నాకు. నా పక్కన కూర్చున్నావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సిటీ బస్సు నడుపుతుంది ఆవిడ, మందు మానడానికి వచ్చింది. ఇప్పటికీ నేను డ్రైవరక్క అనే పిలుస్తాను. లాగుడు మొదలైనప్పుడు ఒకరికొకరం ఫోను చేసుకోవాలని మా ఒప్పందం. లాగుడంటే పాలు పొంగడం లాంటిదని డ్రైవరక్క అంటుంది. అది చూసి కంగారుపడి పరిగెత్తకూడదు, మంట తగ్గించి పక్కనే నిలబడితే కాసేపటికి అదే దిగుతుంది. అందుకని ఫోనెత్తగానే "పొంగుతున్నాయా?" అని అడుగుతుంది. "పొంగి దిగాయి" అని నేను చెప్పడం విని మా ఆయన, "పాలవాడితో నీకంత కబుర్లేమిటి?" అన్నారు కూడా.

వద్దనడం కూడా నేర్పారు. అది అద్దం ముందు నిలబడి నేర్చుకోవాల్సిన విద్య. వద్దు అన్న ఒక్క మాట అని ఊరుకోవాలి, దానికి సాకు తగిలించకూడదు. "కడుపులో మంట, అందుకే వద్దు" అన్నామనుకోండి, కడుపులో మంటకి కూడా మందు పట్టుకొస్తారు. అంట్లు తోముతూ, బస్సు కోసం నిలబడి, పెదాలు కదిలిస్తూ నేను ఆ ఒక్క మాటే వల్లెవేసేదాన్ని. చూసినవాళ్ళు జపం చేసుకుంటున్నాననుకుని ఉంటారు.

తిరిగి వచ్చాక నేను చేసిన మొదటి పని ఒక ఎత్తు స్టూలు కొని వంటింట్లో గట్టు ముందు వేసుకోవడం. కూర్చునే కూరలు తరిగాను, కూర్చునే పొయ్యి మీద కలియబెట్టాను. "వంటింట్లో కూర్చుని వండటమేమిటమ్మాయ్, జబ్బుమనిషిలాగా!" అంది అత్తయ్య. ఇంకో స్టూలు షాపుకి పట్టుకెళ్ళాను. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు. "అప్పుడు అడగకుండానే మాత్ర ఇచ్చారు కదా సార్, ఇప్పుడు అడుగుతున్నాను, స్టూలు ఉండనివ్వండి" అన్నాను. ఏమనుకున్నాడో, గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఇప్పుడు మా అంతస్తులో అమ్మాయిలంతా దాని మీద వంతులవారీగా కూర్చుంటారు. షాపు కళ ఏమీ పోలేదు, దుప్పట్లు అమ్ముడవుతూనే ఉన్నాయి.

ఇంట్లోనే ఇంకా సాగుతోంది యుద్ధం. అత్తయ్య చేతిలో ఒక బ్రహ్మాస్త్రం ఉంది, మా తోటికోడలు. మా బావగారి భార్య, వాళ్ళ కాపురం వేరే ఇంట్లో. ఇంట్లో అందరూ ఆవిణ్ని బంగారం అంటారు. ఇంతమందికి వండి వడ్డించి, ఉద్యోగం చేసి, చివరికి అందరి చెప్పులూ వరసలో సర్ది కూడా నవ్వుతూనే ఉంటుంది. "నడుం నొప్పి అన్న మాట బంగారం నోట ఎప్పుడైనా విన్నావా?" అంటుంది అత్తయ్య. వినలేదు నిజంగానే. ఆ నవ్వు చూసి నేను ఏళ్ళ తరబడి కుళ్ళుకున్నాను.

బావగారికి పెద్ద హోదా వచ్చిందని మొన్న ఆదివారం మా ఇంట్లో భోజనాలు పెట్టారు. హాలు మాదే పెద్దదట. "నువ్వు వండితే ఆ రుచే వేరు" అన్నారు ఆయన ముందు రోజు, ఎన్నడూ లేని పొగడ్త. "రెండు కూరలు నేను చేస్తాను, మిగతావి హోటలు నుంచి తెప్పించండి. అందరూ రాకముందే నేను తినేస్తాను. మధ్యలో అలసిపోతే కూర్చుంటాను" అన్నాను. "ఇది విందా, యుద్ధమా? ఇన్ని షరతులేమిటి?" అన్నారు. ఆయనకి తెలియదు గానీ, జనం ఎక్కువమంది చేరే చోటికి నేను ముందే దారి గీసుకుని వెళ్ళాలి. అది కూడా అక్కడ నేర్పిన పాఠమే.

అంతా బాగానే నడిచింది. ముందే తిన్నాను. వడ్డన మొదలయ్యాక కాసేపు తిరిగి, నడుం లాగుతుంటే స్టూలు హాల్లోకి తెచ్చుకుని గోడవారగా కూర్చున్నాను. బంగారం అక్క ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో గరిటె పట్టుకుని బొంగరంలా తిరుగుతోంది. భుజాన్నుంచి హ్యాండ్‌బ్యాగు కూడా తీయలేదు. పిన్ని నన్ను చూసి, "ఇంటావిడ కూర్చుంది, వచ్చినావిడ వడ్డిస్తోంది, బాగుంది వరస" అని గట్టిగా నవ్వింది. వెంటనే అత్తయ్య అందుకుంది. "అలా అనకు, ఆ నడుం మామూలు నడుమా! అంత పెద్ద ఆపరేషను. ఇప్పటికీ నొప్పితో విలవిల్లాడిపోతుంది, పైకి చెప్పదు." నన్ను కాపాడుతున్నాననే అనుకుంది పాపం.

బంగారం అక్క గిన్నె దించి నా దగ్గరికి వచ్చింది. "అయ్యో చెల్లీ, నొప్పిగా ఉంటే చెప్పొద్దా?" అంటూ బ్యాగులో చెయ్యి పెట్టి వెతక్కుండానే ఒక స్ట్రిప్పు తీసింది. "ఇది వేసుకో. నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి."

అవే. నేను వేసుకున్నవే. అదే వెండి రంగు అట్ట, వెనకాల అదే ఎర్రగీత. సగం అరలు అప్పటికే ఖాళీ. అది కదిలినప్పుడు వచ్చే చిన్న కరకర శబ్దాన్ని నా చెవులు నాకంటే ముందు గుర్తుపట్టాయి. నోట్లో నీళ్ళూరాయి. రెండేళ్ళు! ఎన్ని పొద్దులు గడిచాయి, ఎన్నిసార్లు పక్కవీధి వైపు తిరిగిన కాళ్ళని వెనక్కి తిప్పుకున్నాను, అవన్నీ ఎటు పోయాయో తెలియలేదు.

"వద్దక్కా" అన్నాను. అద్దం ముందు నేర్చుకున్నట్టే, సాకు లేకుండా.

"మొహమాటమెందుకు? నొప్పితో కూర్చుంటావా ఏంటి?"

"వద్దు."

"ఆపరేషనైనవాళ్ళు వేసుకునేవే ఇవి. మీ డాక్టరు రాయలేదూ?"

ఇక్కడ నాకు అర్థమైంది, నా వద్దుకి కాళ్ళు లేవని. నేను సాకు చెప్పకపోయినా, ఇంటిల్లిపాదీ కలిసి నాకు ముందే ఒక సాకు తగిలించి ఉంచారు. ఆపరేషనైన మనిషి నొప్పి మాత్ర ఎందుకు వద్దంటుంది? అందరూ తినడం ఆపి మా వైపే చూస్తున్నారు. డ్రైవరక్కకి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఆదివారం డ్యూటీ, బస్సులో ఉంటే ఎత్తదు. నాలుగు ప్రశ్నలూ వేసుకున్నాను. ఆకలా, లేదు. అలసటా, ఉందిగానీ కూర్చున్నాను. కోపం, ఉంది. ఒంటరితనం, హాలునిండా మనవాళ్ళే, ఇంత ఒంటరిగా నేను ఎప్పుడూ లేను.

అప్పుడు ఆయన లేచి వచ్చారు. అక్క చేతిలోంచి స్ట్రిప్పు అందుకుని, నా చేతిలో పెట్టి, నా వేళ్ళు మూసి, గుప్పిట మీద తట్టారు. "వదిన అంత ప్రేమగా ఇస్తుంటే వద్దంటావేం? తర్వాత వేసుకుందువుగాని, ఉంచు" అన్నారు. కళ్ళతో సైగ చేశారు, ఈ పూటకి గడిపెయ్ అని.

నా భర్త. నేను దుప్పట్ల మీద పడిపోయిన రోజు ఆసుపత్రిలో నా పక్కన కూర్చుని ఏడ్చిన మనిషి. అవి ఏమిటో ఈ హాల్లో నాతో పాటు తెలిసిన మనిషి. నా చేతిలో పెట్టి గుప్పిట మూశారు.

పాలు పొంగాయి. అలా ఇలా కాదు, గట్టంతా పొంగాయి. కానీ ఈసారి మంట కోపానిది, మాత్రది కాదు. నేను స్టూలు మీద నుంచి లేవలేదు. కూర్చునే, అందరికీ వినబడేలా చెప్పాను.

"నాకు ఏ ఆపరేషనూ జరగలేదక్కా. ఈ మాత్రలకే నేను అలవాటు పడిపోయాను, చావు దాకా వెళ్ళాను. ఆ నెలలన్నీ వీటిని మానడానికే వెళ్ళి ఉన్నాను. మానేశాను. రోజూ మానుతూనే ఉన్నాను. ఇవి ఇంకెప్పుడూ నా చేతిలో పెట్టకు. ఎవరూ పెట్టకండి." గుప్పిట తెరిచి స్ట్రిప్పు ఆవిడ చేతికి ఇచ్చేశాను.

ఎవరి చేతిలోనో చెంచా కింద పడింది. అందరికంటే ముందు తేరుకుంది పిన్ని. "అయితే నీ గుండె ఆగలేదా?" అంది, మోసపోయినదానిలా.

"ఆగలేదు పిన్నీ. కొట్టుకుంటూనే ఉంది."

ఆయన నన్ను పడగ్గదిలోకి పిలిచి తలుపు వేశారు. "పరువు తీశావు కదే! మా అన్నయ్య ముందు, వదిన ముందు... రేపట్నుంచి నేను నలుగురిలో తలెత్తుకు తిరగాలా వద్దా?"

"నా గుప్పిట ఎందుకు మూశారు?"

"ఊరికే, వాళ్ళు చూస్తున్నారని. వాళ్ళు వెళ్ళాక పారేసేదానివి కదా."

"పారేసేదాన్నో కాదో నాకే తెలియదు. మీకెలా తెలుసు?"

ఆ సంగతి ఆయన ఇంతవరకూ ఆలోచించలేదని మొహంలో తెలిసిపోయింది. నయమైపోయిందనుకున్నారు, ఆపరేషనైనట్టు. "మీరు చెప్పుకునే అబద్ధాన్ని నేనింక మొయ్యను. మొయ్యాలని ఉంటే మీరు ఆపరేషను చేయించుకోండి" అని తలుపు తీసుకుని బయటికి వచ్చేశాను.

హాలు ఖాళీ అవుతోంది. చేతులు కడుక్కున్నవాళ్ళు కడుక్కున్నట్టే చెప్పులు వెతుక్కుంటున్నారు. నన్ను చూసి ఒకరిద్దరు తల తిప్పుకున్నారు, ఒకావిడ భుజం తట్టింది. నేను స్టూలు ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళాను. బంగారం అక్క అక్కడ సింకు ముందు నిలబడి అంట్లు తోముతోంది. ఎవరూ తోమమనలేదు. ఆ చేతులు ఊరికే ఉండలేవు. భుజానికి బ్యాగు అలాగే వేలాడుతోంది.

"వదిలెయ్ అక్కా, నేను చూసుకుంటాను" అన్నాను.

వినిపించుకోలేదు. కొళాయి పెద్దగా తిప్పింది. ఆ నీళ్ళ చప్పుడులో, నా వైపు చూడకుండా, "ఆ చోట ఆడవాళ్ళని కూడా చేర్చుకుంటారా చెల్లీ?" అంది.

మొదట అర్థం కాలేదు. తర్వాత ఆ బ్యాగు వైపు చూశాను. వెతక్కుండానే చేతికి తగిలిన స్ట్రిప్పు, ఖాళీ అరలు, ఎప్పుడూ నా దగ్గర ఉంటాయన్న మాట, ఏళ్ళ తరబడి నేను కుళ్ళుకున్న ఆ అలుపెరగని నవ్వు.

"నన్ను చేర్చుకున్నారు కదా" అన్నాను.

"మీ బావగారికి తెలియకూడదు. పిల్లలకి తెలియకూడదు." తోమిన కంచాన్నే మళ్ళీ తోముతోంది. "ఇంట్లో ఏదో ఒకటి చెప్పాలిగా... నాక్కూడా ఆపరేషనే అని చెప్పనా?"

నేను కొళాయి కట్టేశాను. ఆవిడ చేతిలోంచి కంచం తీసుకుని గట్టు మీద పెట్టాను. స్టూలు ఆవిడ వైపు జరిపాను.

"ముందు కూర్చో అక్కా."